ముందు కాగితం, ఆ తర్వాతే పేజీ

అచ్చు పని గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఫైలు సిద్ధమైంది, ఇక ఏ కాగితం మీద వేయించమంటారు?" అనే అడుగుతున్నాయి. ఇక్కడే వరస తిరగబడుతోంది. పుస్తకం వెన్ను (ఆకులన్నీ కలిసే అంచు) మందం, లోపలి మార్జిన్, ఫొటోల్లో ముదురు లేతలు, సిరా మోతాదు అన్నీ కాగితాన్ని బట్టే తేలాలి. అందుకే ఈ నెల జవాబుల్లో ప్రశ్న ఏదైనా మాట కాగితం దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: 240 పేజీల కథల సంపుటి, డెమ్మీ సైజు (సుమారు 5.5×8.5 అంగుళాలు), 1000 కాపీలు వేయిస్తున్నాం. 70 జీఎస్ఎమ్ చాలునా, 80 కావాలా? జీఎస్ఎమ్ పెంచితే పుస్తకం లావుగా కనిపిస్తుందా? కాగితం మొత్తం ఎంత పడుతుంది?

జవాబు: చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేదే జీఎస్ఎమ్. అది బరువు, మందం కాదు. గట్టిగా నొక్కి నునుపు చేసిన కాగితం పలచగా ఉంటుంది, అదే జీఎస్ఎమ్‌లో బల్కీ కాగితం లావుగా ఉంటుంది. మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు. మైక్రాన్లను జీఎస్ఎమ్‌తో భాగిస్తే వచ్చే అంకెను బల్క్ అంటారు. పైపూత (కోటింగ్) లేని మామూలు పుస్తక కాగితమైన మాప్‌లితోకు అది సుమారు 1.3, పైపూతతో మెరిసే ఆర్ట్ పేపరుకు 0.8, నవలల కోసం చేసే బల్కీ కాగితానికి 1.8 దాకా ఉంటుంది.

మీ 240 పేజీలంటే 120 ఆకులు. 70 జీఎస్ఎమ్ మాప్‌లితో ఒక్కో ఆకు 91 మైక్రాన్లనుకుంటే వెన్ను 11 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. 80 జీఎస్ఎమ్ బల్కీ అయితే 17 దాటుతుంది. 90 జీఎస్ఎమ్ ఆర్ట్ పేపరు అన్నిటికంటే బరువైనదే, కానీ వెన్ను 9 మిల్లీమీటర్లు కూడా రాదు. కాబట్టి పుస్తకం చేతికి నిండుగా ఉండాలంటే జీఎస్ఎమ్ పెంచమని కాదు, బల్క్ ఎంతని అడగాలి. కాగితం ఖాయమయ్యాక దానితోనే అచ్చు లేని డమ్మీ పుస్తకం కట్టించి వెన్ను కొలవండి. అట్ట ఫైలు అప్పుడు గీయాలి. రెండు అట్టల వెడల్పుకు వెన్ను కలపండి, అట్ట కాగితం మందం కూడా అర మిల్లీమీటరు దాకా తోడవుతుందని మరిచిపోవద్దు.

70, 80ల మధ్య తేల్చాల్సింది అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి ఎంత కనిపిస్తాయన్నదే. అచ్చయిన పేజీ మీద ఖాళీ నమూనా ఆకు ఒకటి పరిచి చూడండి. అక్షరాలు నీడలా కనిపించడం మామూలే. చదవగలిగేంతగా కనిపిస్తే మాత్రం ఆ కాగితం వద్దు. ఒట్టి కథలైతే మంచి ఒపాసిటీ (అవతలి అక్షరాన్ని కనపడనివ్వని గుణం) ఉన్న 70 జీఎస్ఎమ్ నేచురల్ షేడ్ సరిపోతుంది. మెరుపు తెలుపు కంటే ఈ లేత గోధుమ ఛాయ ఎక్కువసేపు చదివే కంటికి హాయి. కథకో పేజీ నిండా ముదురు బొమ్మ ఉంటే 80కి వెళ్లండి.

ఇక లెక్క. 23×36 అంగుళాల షీటులో డెమ్మీ ఆకులు 16 వస్తాయి. అందులో సగం షీటు 16 పేజీల ఒక ఫారం. మీకు 15 ఫారాలు, 1000 కాపీలు, అంటే 15,000 సగం షీట్లు, అంటే 7,500 పూర్తి షీట్లు, రీముకు 500 చొప్పున 15 రీములు. మిషన్ సర్దుకునే లోపు పోయే షీట్లకు ఫారానికి 100 సగం షీట్ల చొప్పున వేసుకుంటే ఇంకో రీమున్నర పడుతుంది. రీము బరువు తెలియాలంటే షీటు పొడవు వెడల్పులను మీటర్లలో గుణించి, జీఎస్ఎమ్‌తో, మళ్లీ 500తో గుణించి, 1000తో భాగించండి. ఈ సైజులో 70 జీఎస్ఎమ్ రీము 18.7 కిలోలు తూగాలి. కిలోల లెక్కన కొనేటప్పుడు తూకం ఇంతకంటే బాగా తేడాగా వచ్చిందంటే చేతికొచ్చింది మీరడిగిన జీఎస్ఎమ్ కాదు.

ప్రశ్న: తెరమీద నిగనిగలాడిన ఫొటోలు మాప్‌లితో మీద బురదగా, నల్లగా వచ్చాయి. అదే ఫైలు ఆర్ట్ పేపరు మీద వేసినప్పుడు బాగానే ఉంది. తప్పు ఫైలుదా, ప్రెస్సుదా?

జవాబు: ఫైలు ఆర్ట్ పేపరు కోసం చేసినది, వేసింది మాప్‌లితో మీద. తప్పు అక్కడే ఉంది.

ఆఫ్‌సెట్‌లో (ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటుతో వేసే మామూలు అచ్చు పద్ధతి) ఫొటో అంటే చిన్న చిన్న చుక్కలే. కోటింగ్ ఉన్న కాగితం సిరాను పైనే నిలుపుతుంది, కోటింగ్ లేనిది లోపలికి పీల్చుకుంటుంది. పీల్చుకున్న కొద్దీ చుక్క వెడల్పవుతుంది. ఫైలులో 50 శాతం ఉన్న చుక్క కోటెడ్ కాగితం మీద 66 శాతం దగ్గర, మాప్‌లితో లాంటి దాని మీద 72 దగ్గర తేలుతుంది. నడిమి ఛాయలన్నీ అలా ఒక మెట్టు ముదిరిపోతాయి. నీడల్లో ఉన్న వివరమంతా మూసుకుపోతుంది. ముఖం మీది నీడ మరకలా కనిపించేది ఇందువల్లే.

అచ్చులో వాడే నాలుగు సిరాల (సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు) శాతాలు కలిపితే వచ్చే మొత్తం సిరాకు కూడా ఒక హద్దు ఉంది. కోటెడ్‌కు 300 నుంచి 330, కోటింగ్ లేనిదానికి 260–280, న్యూస్‌ప్రింటుకు 220–240. హద్దు దాటితే సిరా ఆరదు, దొంతరలో పై షీటు వీపుకు అంటుకుంటుంది. ఒక్కో రంగును చేత్తో తగ్గించుకుంటూ కూర్చోవద్దు. ఆర్‌జీబీ (తెర రంగులు) నుంచి సీఎమ్‌వైకే (ఆ నాలుగు సిరాల రంగులు) లోకి మార్చేటప్పుడే కాగితానికి తగిన ప్రొఫైల్ (రంగు మార్పిడి పట్టిక) ఎంచుకోండి. కోటెడ్‌కు ఫోగ్రా 39 లేదా 51, అన్‌కోటెడ్‌కు ఫోగ్రా 52. మీ ప్రెస్సు తన సొంత ప్రొఫైల్ ఇస్తే దాన్నే వాడండి. చుక్క పెరిగే తీరును, సిరా హద్దును రెండింటినీ ప్రొఫైలే చూసుకుంటుంది. అసలు ఆర్‌జీబీ ఫొటోలను మాత్రం విడిగా దాచుకోండి. ఒకసారి సీఎమ్‌వైకే అయిన ఫొటోను ఇంకో కాగితానికి మళ్లీ మార్చితే పోయిన రంగు తిరిగి రాదు.

ప్రొఫైల్ మార్చాక కూడా మాప్‌లితో మీద నీడలు కొద్దిగా తేలిక చేసి, అంచులకు పదును కాస్త ఎక్కువే పెట్టమంటాం. తెరమీద అతిగా కనిపించే పదును అచ్చులో అణగిపోతుంది. మెరిసే ఆకుపచ్చ, నారింజ, నిండు నీలం సీఎమ్‌వైకేలో అసలు రావు. నీలం ఊదాగా మారిందని మరో ఇద్దరు రాశారు. సయాన్ 100కి మెజెంటా కూడా 90, 100 పెడితే ఊదానే వస్తుంది. మెజెంటాను 70కో ఇంకా కిందికో దించండి.

ప్రశ్న: ఫొటో 72 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) ఉందన్నారు. సాఫ్ట్‌వేర్‌లో 300కి మార్చి పంపాను. అయినా చదరాలు చదరాలుగా వచ్చింది.

జవాబు: మీరు మార్చింది అంకెను, ఫొటోను కాదు. ఫొటోలో ఉన్నవి పిక్సెళ్లు. వాటి సంఖ్యను అచ్చు కొలతతో భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. 1080 పిక్సెళ్ల వెడల్పు ఫొటో 300 దగ్గర 9.1 సెంటీమీటర్లకే సరిపోతుంది. 4000×3000 ఫొటో 34×25 సెంటీమీటర్ల దాకా లాగుతుంది. మామూలు అచ్చులో అంగుళానికి 150 గీతల (చుక్కల వరసల) స్క్రీన్ వాడతారు, దానికి రెండింతలు పిక్సెళ్లు ఉండాలన్న లెక్కలోంచే 300 వచ్చింది. ముతక స్క్రీన్‌తో వేసే కాగితానికి ఇంకా తక్కువ చాలు. గీతల బొమ్మలు, సంతకాలు, చేతిరాత స్కాన్ చేస్తే మాత్రం 1200 కావాలి, లేదంటే వంపుల్లో మెట్లు కనిపిస్తాయి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపమని ఫొటో ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: అట్ట అంచున సన్నటి తెల్లగీత మిగిలింది. కొన్ని కాపీల్లో పేజీ అంకె సగం తెగింది.

జవాబు: కటింగ్ మిషన్ కింద ఒకేసారి వందల షీట్లు ఉంటాయి. పై షీటుకూ అడుగు షీటుకూ అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా తేడా రావడం సహజం. అంచుదాకా ఉన్న రంగును, ఫొటోను కోత గీత బయటికి 3 మిల్లీమీటర్లు పొడిగించండి. దీన్నే బ్లీడ్ అంటారు. కోత గీతకు లోపల కనీసం 5 మిల్లీమీటర్ల దాకా అక్షరం ఏదీ ఉండకూడదు. పేజీ చుట్టూ అంచును ఆనుకుని సన్న బార్డరు పెట్టాలనుకునేవారికి మా సలహా ఒక్కటే, మానుకోండి. మిల్లీమీటరు తేడా ఖాళీ అంచులో ఎవరికీ కనిపించదు, బార్డరు పక్కన అందరికీ కనిపిస్తుంది.

ప్రశ్న: ప్రూఫు చూసినప్పుడు తెలుగు సరిగ్గానే ఉంది. అచ్చయ్యాక చూస్తే కొన్ని పేజీల్లో ఒత్తులు విడిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల అక్షరాల చుట్టూ రంగు నీడ. ఎలా జరిగింది?

జవాబు: ఇవి రెండు వేరు వేరు జబ్బులు.

ఒత్తులు విడిపోయాయంటే, ప్రూఫు తర్వాత ఓపెన్ ఫైలును (పేజీలు కట్టిన, ఇంకా మార్చగలిగే అసలు ఫైలు) ఇంకో కంప్యూటర్లో తెరిచి ఉంటారు. అక్కడ ఆ ఫాంటు లేకపోయినా, పేరు ఒకటే అయి వెర్షన్ వేరైనా, పేజీలు కదులుతాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి పెట్టకపోతే తెలుగు అక్షరాలు కూడుకోవు, పొల్లు ఒకచోట, హల్లు ఒకచోట నిలబడతాయి. పేజీ పేజీకి కాదు, పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే ఆ అమరిక పెట్టండి. ఒకటి రెండు పేజీలే చెడ్డాయంటే అవి విడిగా అతికించిన పేరాలై ఉంటాయి.

కంటికి చిక్కని తప్పు మరొకటుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి అతికించేటప్పుడు అది రాలిపోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది. అక్షరదోషాలు దిద్దే పనిని వర్డ్ ఫైలులోనే ముగించి ఊరుకోవద్దు, పేజీలు కట్టాక ఇంకోసారి చదివించండి. పీడీఎఫ్‌లోంచి తెలుగును మళ్లీ కాపీ చేసి వాడటం మాత్రం అసలు వద్దు, అక్షరాల వరస చాలాసార్లు తారుమారవుతుంది. ప్రెస్సుకు ఓపెన్ ఫైలు బదులు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి. అచ్చు కోసం చేసే పీడీఎఫ్ రకాల్లో పీడీఎఫ్/ఎక్స్-4 అయితే పారదర్శక నీడలు అలాగే నిలుస్తాయి. పాత వ్యవస్థ ఉన్న ప్రెస్సు ఎక్స్-1ఏ అడుగుతుంది, అందులో అన్నీ సీఎమ్‌వైకే లేదా స్పాట్ (విడిగా కలిపిన సిరా) రంగుల్లో ఉండాలి, పారదర్శకత ముందే చదునైపోతుంది. అడిగింది ఏదో తెలుసుకుని అదే ఇవ్వండి.

రంగు నీడకు కారణం నలుపు. వర్డ్ నుంచో, ఆర్‌జీబీ నుంచో వచ్చిన నలుపు నాలుగు రంగులుగా విడిపోతుంది. నాలుగు ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తేనే ఆ అక్షరం స్ఫుటంగా ఉంటుంది. కాగితం తేమకు కాస్త సాగినా ఎరుపో నీలమో పక్కకు తొంగి చూస్తుంది. చదివే అక్షరమంతా ఒక్క నలుపు 100 శాతంలో, ఓవర్‌ప్రింట్‌గా (కింది రంగును చెరపకుండా దాని మీదే పడేలా) ఉండాలి. అట్ట మీద పెద్ద నల్లని పట్టీకి మాత్రం ఒక్క నలుపు చాలదు, వెలిసినట్టు ఉంటుంది. అక్కడ సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలపండి. మొత్తం 240, అట్ట కాగితానికి ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషన్ అనే రంగును నలుపనుకుని వాడేవారున్నారు. అది 400 శాతం సిరా, కోత గుర్తులకు తప్ప పనికిరాదు. తెల్ల అక్షరానికి పొరపాటున ఓవర్‌ప్రింట్ తగిలితే ఆ అక్షరమే మాయమవుతుంది.

రంగు పట్టీలో తెల్లగా వదిలే తెలుగు అక్షరం 10 పాయింట్ల కంటే తగ్గకూడదు, అదీ బోల్డులో ఉండాలి. ద, ధల తేడా చూపే కింది చిన్న గీత మీదికి సిరా పారితే మాటే మారిపోతుంది. వరసల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్లు ఇవ్వండి.

ప్రశ్న: పుస్తకం తెరిచి పెడితే స్ప్రింగులా మూసుకుంటోంది. వెన్ను పొడవునా ఆకులు అలలు తిరిగాయి. బైండింగ్ వాళ్లు కాగితం తప్పంటున్నారు.

జవాబు: వాళ్ల మాట నిజమై ఉండవచ్చు. కాగితం తయారవుతున్నప్పుడు నారలు మిషన్ నడిచే వైపుకు తిరిగి పడుకుంటాయి. ఆ దిక్కునే గ్రెయిన్ అంటారు. తేమ తగిలితే నార పొడవు పెద్దగా పెరగదు, లావు పెరుగుతుంది. కాబట్టి కాగితం గ్రెయిన్‌కు అడ్డంగానే సాగుతుంది. గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉంటే ఆ సాగుడు బయటి అంచు వైపుకు పోతుంది, ఎవరికీ తెలియదు. వెన్నుకు అడ్డంగా ఉంటే సాగడానికి చోటు లేదు, ఎందుకంటే వెన్నును జిగురు పట్టి ఉంచింది. అందుకే అలలు. ఆకు బిరుసు కూడా గ్రెయిన్ వెంబడే ఎక్కువ కాబట్టి పేజీ వాలకుండా లేచి నిలబడుతుంది.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. షీటును విరగకుండా రెండు వైపులా వంచి చూడండి, సులువుగా వంగినప్పుడు మడత వచ్చే వైపే గ్రెయిన్ ఉంటుంది. చింపితే గ్రెయిన్ వెంబడి తిన్నగా పోతుంది, అడ్డంగా వంకర్లు పోతుంది. ఇంకా అనుమానమైతే చిన్న చదరపు ముక్క ఒకవైపు తడపండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవే గ్రెయిన్. మొదటి ప్రశ్నలోని డెమ్మీ పుస్తకానికి పూర్తి షీటులో గ్రెయిన్ 36 అంగుళాల వైపు ఉండాలి. షీటును సగానికి కోశాక అదే 18 అంగుళాల వైపవుతుంది. కాగితం కొనేటప్పుడే ఈ మాట చెప్పాలి, అచ్చయ్యాక దీనికి మందు లేదు.

గ్రెయిన్ సరిగ్గానే ఉండి అంచులు మాత్రం అలలు తిరిగితే, కట్టలు విప్పి తేమగాలిలో వదిలేశారని అర్థం. అచ్చు గది వేడికి సర్దుకునేదాకా, కనీసం ఒక రోజు, కట్టను విప్పకుండా అక్కడే ఉంచాలి.

ప్రశ్న: 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు అట్ట వెన్ను మడత దగ్గర పగిలి తెల్లగా కనిపిస్తోంది. పేరు మీద స్పాట్ యూవీ (కొంత భాగం మీదే వేసే మెరుపు పూత) కూడా వేయించాలనుకుంటున్నాం.

జవాబు: పగిలేది కాగితం కంటే ముందు దాని మీది కోటింగ్. 170 జీఎస్ఎమ్ దాటిన ఏ కార్డునైనా మడతకు ముందు క్రీజింగ్ (మడత గీతను ముందే నొక్కడం) చేయించాలి. మడత గ్రెయిన్ వెంబడే రావాలి. పైన లామినేషన్ ఉంటే పగులు చాలావరకు ఆగుతుంది. అయినా ముదురు రంగును మడత మీదుగా పోనిస్తే చిన్న చీలిక కూడా తెల్లగా బయటపడుతుంది. మొదటి ప్రశ్నలోని 240 పేజీల పుస్తకం లాంటిదానికి 250 జీఎస్ఎమ్ చాలు, 300 అట్ట సన్న పుస్తకాన్ని తెరవనివ్వదు.

స్పాట్ యూవీకి ఫైలులో వేరే పొర కావాలి. మెరవాల్సిన భాగాన్ని కొత్త స్పాట్ రంగుతో 100 శాతంలో, ఓవర్‌ప్రింట్ పెట్టి, వెక్టర్‌గా (పిక్సెళ్లుగా కాదు, గీతలుగా) గీయండి. మాట్ (మెరుపు లేని) లామినేషన్ మీద వేస్తేనే ఆ మెరుపు తెలుస్తుంది. సన్న అక్షరాల మీద వద్దు, అర మిల్లీమీటరు జరిగినా పక్కన మరో అక్షరం ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: సెంటర్ పిన్ (నడిమి మడత మీద పిన్నులు) వేసిన 64 పేజీల సంచికలో నడిమి పేజీలకు బయటి మార్జిన్ తగ్గిపోతోంది.

జవాబు: 16 షీట్లు ఒకదాంట్లో ఒకటి దూరినప్పుడు లోపలివి బయటికి తోసుకొస్తాయి. షీటు 125 మైక్రాన్లయితే అన్నిటికంటే లోపలిది దాదాపు 2 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, కోతలో అంతా పోతుంది. పేజీలను షీటు మీద అమర్చే సాఫ్ట్‌వేర్‌లో క్రీప్ (ఈ తోసుకురావడం) సర్దుబాటు ఉంటుంది, ప్రెస్సు అది పెట్టిందో లేదో అడగండి. మీ వంతుగా బయటి మార్జిన్ 12 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. 64 దాటి 80 పేజీలకు పోతే జిగురు బైండింగే మేలు. దానికైతే లోపలి మార్జిన్ 18–20 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే వరస చివరి మాటలు వెన్నులోకి పోతాయి.

ప్రశ్న: ప్రూఫు మీద సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

జవాబు: ముందు, ఆ ప్రూఫు ఏ కాగితం మీద తీశారో అడగండి. మాప్‌లితో పుస్తకానికి మెరిసే కాగితం మీద తీసిన ప్రూఫుతో రంగు తేల్చలేం. రంగును 5000 కెల్విన్ (పగటి వెలుగు లాంటి) వెలుగులో చూడాలి, పసుప్పచ్చ బల్బు కింద చర్మం రంగులన్నీ బాగానే కనిపిస్తాయి. తర్వాత పీడీఎఫ్‌ను అక్రోబాట్‌లో తెరిచి, ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ పెట్టి, అవుట్‌పుట్ ప్రివ్యూలో నలుపు ప్లేటు ఒక్కటే ఆపి చూడండి. అక్షరాలన్నీ మాయమవ్వాలి. ఏదైనా మిగిలితే అది నాలుగు రంగుల నలుపు. పేజీల సంఖ్య 4తో, ఫారాల పుస్తకమైతే 16తో భాగించుకోండి, శేషం ఉంటే ఖాళీ పేజీలు ఎక్కడ వస్తాయో మీరే నిర్ణయించండి. చివరగా డమ్మీని మడిచి అంకెల వరస చూడండి. ప్లేట్లు తయారయ్యాక ఒక్క కామా మార్చాలన్నా ఆ ప్లేటు మళ్లీ చేయాల్సిందే.